ధోలావీరా చెఱువులును మా యూరి కుంటయు

గడచిన క్రిస్మసు సెలవులలో మేము కుటుంబ సమేతముగ కచ్ఛ దేశమునకు బోయి, అచ్చట పాడుపడిన యొక పురాతన పట్టణమును, ఉప్పుటెడారిని, సముద్రతీరమును జూచి వచ్చితిమి. ఈ సంగతి విని మా బంధువులలో పెక్కురు నవ్విరి. "రెండు రాత్రులు రైలులో గూర్చుండి రాళ్లను జూడబోయితిరా? మన యూర రాళ్లకేమి కొదువ?" అని యొకరనిరి. "ఆ డబ్బుతో అమ్మాయికి లెక్కల ట్యూషను పెట్టించిన బాగుండెడిది గదా" అని మఱియొకరనిరి. ఈ రెండవ మాట సమంజసమే యని ఈ పత్రికను జదువు తల్లిదండ్రులలో ననేకులు తలంతురని మే మెఱుగుదుము. మేమును ఈ పాఠశాలలోనే చదువుకొన్నవారము. మా తండ్రిగారును అట్లే తలంచెడివారు. మా చిన్ననాటి సెలవులన్నియు ఎక్కముల పుస్తకముతోనే గడచినవి. కావున నెవ్వరిని దూఱుటకును గాక, మేము చూచినదియు, దానివలన మాకు గలిగిన యభిప్రాయమును మాత్రము మనవి చేసికొందుము.

మా యభిప్రాయ మేమనగా, శిథిలములను జూచి పూర్వులను బొగడి తిరిగి వచ్చువారు రైలు ఛార్జీలు దండుగ చేసికొన్నవారు. వారు చేసిన పని ప్రక్కన మనము చేసిన పనిని బెట్టి చూచుకొనవలెను. అట్లు చూచుకొనుట సుఖమైన పని గాదు. మాకు గాలేదు.

మా అమ్మగారు, మా యింటివారు, ఈ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, ఆఱవ తరగతి చదువుచున్న మా చిన్నవాడు, మేమును గలిసి అయిదుగురము బయలుదేరితిమి. అమ్మగారికి 76 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమెను ఇంటివద్ద విడిచి పొమ్మని అందఱును సలహా చెప్పిరి. ఆమె వినలేదు. ఆమె వినకపోవుట మా యదృష్టమని పిదప దెలిసినది. విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మఱునాటి సాయంకాలమునకు అహమ్మదాబాదు చేరి, అచ్చటినుండి రాత్రి బండిలో భుజ్ పట్టణమునకు బోయితిమి. రైలు ప్రయాణమును గూర్చి వ్రాయవలసినదేమియు లేదు. మా యింటివారు కట్టిన పులిహోర రెండవనాటికి చెడినది, అంతే.

కచ్ఛము భారతదేశ పటమున పడమటి కొనను గనబడును. దానికి ఉత్తరమున రణ్ అను విశాలమైన ఉప్పునేల గలదు. వానకాలమున సముద్రపు నీరును, వాగులును నదులును దెచ్చు మంచినీరును దానిపై నిలుచును. శీతకాలమునకు ఆ నీరెండి నేలమీద తెల్లని యుప్పు పేరును. ఖావడా యను గ్రామము దాటిన పిమ్మట, ఈ రణ్ మీదుగ క్రొత్తగ వేసిన బాట సుమారు 30 కిలోమీటర్లు సాగి ఖడీరు అను దీవిని జేరును. మేము పోయిన నాడు బాటకు కుడి యెడమల చెట్టు గాని పుట్ట గాని కనబడలేదు. నేలయు నాకాశమును గలియు చోటేదో తెలియలేదు. మా చిన్నవాడు కారు నాపించి, దిగి, ఆ తెల్లనిదానిని వ్రేలితో గీసి నాలుకకు రాచుకొని, "నిజముగ ఉప్పే!" యని కేక వేసెను. మేమందఱమును దిగి అట్లే చేసితిమి. పెద్దవారము గనుక కేకలు మాత్రము వేయలేదు.

ఈ యుప్పునేలను వెన్నెలలో జూచుటకు ధోర్డో గ్రామము వద్ద ప్రతి శీతకాలమున నుత్సవము జరుగును. గుడారములు, ఆటపాటలు, ఒంటెబండ్లు గలవు. మే మొక సాయంకాలము చూచితిమి, బాగుండెను. అయినను జనులలో జాలమంది ఆ వెన్నెలవైపు వీపు త్రిప్పి, సెల్‌ఫోనులలో దమ ముఖములనే చూచుకొనుచుండిరి. ఆ నేల కుదురుగ నుండునదియు గాదు. 1819వ సంవత్సరము జూన్ 16న వచ్చిన భూకంపమున రణ్‌లో నొకచోట భూమి పొడవైన గట్టువలె పైకి లేచెను. మానవులు గట్టనిది గావున దానికి అల్లా బంద్ అను పేరు వచ్చినది. దానికి జేరువనున్న సింద్రీ కోట అదే సమయమున నీట మునిగెను. దారిలో మాకు పరిచయమైన వస్తువొకటి మాత్రము సమృద్ధిగ గనబడెను: సర్కారు తుమ్మ. మన మెట్టచేలను మ్రింగిన యా చెట్టే అచ్చటి బన్నీ యను గొప్ప పచ్చికబయలును గూడ మ్రింగుచున్నది.

ధోలావీరా ఈ ఖడీరు దీవిమీద నున్నది. క్రీస్తుకు పూర్వము సుమారు 3000 మొదలు 1500 వఱకు జనులు వసించిన సింధునాగరికతా పట్టణమిది. 1960 తరువాతి దశాబ్దమున భారత పురావస్తుశాఖకు జెందిన జగత్పతి జోషీగారు దీనిని గుర్తించిరి. 1990 మొదలుకొని పెక్కేండ్లు రవీంద్రసింగ్ బిష్ట్‌గారి యాధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. 2021 జూలైలో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో జేర్చిరి. మొహెంజొదారో, హరప్పాలలో ఇటుకపని యెక్కువ. ఇచ్చట రాతిపని యెక్కువ. వెలుపలి గోడ పొడవు 771 మీటర్లు, వెడల్పు సుమారు 617 మీటర్లు. లోపల నెత్తైన కోట, దాని క్రింద నడిమి యూరు, దిగువ యూరు.

చెప్పినంత మాత్రమున ఘనముగ దోచును గాని, ఎదుట నిలిచి చూచిన, మోకాలెత్తు గోడలు, గుంటలు, మెట్లు. ప్రతిమ లేదు, గోపురము లేదు. మా చిన్నవాని మోము వాడినది. "రాజుగారి మేడ యేది?" అని యడిగెను. రాజెవ్వడో, రాజనువాడుండెనో లేదో చెప్పు శాసన మేదియు నచ్చట దొఱకలేదు. దొఱకినది పది గుఱుతులు గల యొక పలక. ఉత్తర ద్వారము ప్రక్కగదిలో గనబడినది. ఒక్కొక్క గుఱుతు సుమారు 37 సెంటీమీటర్ల యెత్తు. జిప్సము ముక్కలతో నా గుఱుతులను గూర్చి చెక్కపై బొదిగిరి. చెక్క మన్నైపోయినది, గుఱుతులు వరుస చెడక నేలపై మిగిలినవి. ఇంతవఱకు వానిని నమ్మదగినట్లు చదివినవారు లేరు. ఊరి ద్వారమున నంత పెద్ద యక్షరములతో నేమి వ్రాసియుందురని మేము వాదించుకొంటిమి. దేవుని పేరని మా యింటివారును, రాజు పేరని చిన్నవాడును అనిరి. "చెఱువులో చెత్త వేయరాదు అని యుండును" అని మా అమ్మాయి యనెను. అప్పుడు నవ్వితిమి.

ఆ ప్రదేశమున నెల్లప్పుడు పాఱు నది లేదు. వాన స్వల్పము, కొన్నియేండ్లు అదియు నుండదు. పట్టణమునకు ఉత్తరమున మన్సర్, దక్షిణమున మన్‌హర్ అను రెండు వాగులు గలవు; అవి వానకాలమున మాత్రమే పాఱును. ఆ జనులు వాగులకడ్డముగ రాతికట్టలు గట్టి, నీటిని మరల్చి, గోడల లోపలివైపున వరుసగ ద్రవ్విన చెఱువులలోనికి దెచ్చిరి. ఇట్టివి 16కు దక్కువ లేవని త్రవ్వినవారు చెప్పిరి. నేల తూర్పునుండి పడమటికి వాలుగ నుండుటచే, ఒకటి నిండిన పిదప నీరు దిగువదానిలోనికి జేరును. కోటపై గురిసిన వాననీటిని సైతము పోనీయక, రాతి తూములు గట్టి క్రిందికి దింపి నిలువ చేసిరి. ఆ తూములలో గొన్ని మనుష్యుడు నడువదగినంత పెద్దవి. దక్షిణపు చెఱువులలో గొన్నింటిని రాతినే తొలిచి చేసిరి. మట్టి త్రవ్వుటకే బద్ధకించు మాబోంట్లకు దానిని జూచిన సిగ్గు గలుగును. తూర్పు చెఱువు పొడవు 73 మీటర్లు, వెడల్పు 29 మీటర్లు, లోతు 10 మీటర్లు. పాఠ్యపుస్తకములలో మనము చదువు మొహెంజొదారో మహాస్నానవాటిక 12 మీటర్ల పొడవును 7 మీటర్ల వెడల్పును గలది మాత్రమే. మా అమ్మాయి గట్టు పొడవున నడచి అడుగులు లెక్కపెట్టెను. నూటికి బైగ వచ్చినవి. పిమ్మట పొడవును వెడల్పును లోతును హెచ్చవేసి, ఎన్ని ఘనపు మీటర్ల నీరు పట్టునో నోటిలెక్క చేసి చెప్పెను: ఇరువది యొక్క వేలకు బైగ. మెట్లకు బోవు భాగమును దీసివేయలేదని మేము తప్పు పట్టితిమి. ట్యూషను మాట యెత్తిన బంధువు అప్పుడచ్చట నుండిన బాగుండెడిదని మాకు దోచెను.

అమ్మగారు కోటమీదికి ఎక్కలేరనుకొంటిమి. ఆమె చీరకొంగు నడుమున జెక్కుకొని మాకంటె ముందుగ నెక్కిరి. అచ్చట నొక పెద్దబావి గలదు. నీరు చేదువారు నిలుచు రాతిపలకకు త్రాటి యొరపిడిచే గాడులు పడియున్నవి. అంతవఱకు ఏ గోడను జూచినను "ఆహా, అట్లనా" యని మాత్రమే యనుచు వచ్చిన యామె, ఆ రాతియొద్ద వంగి, లేవక, చాలసేపు చూచిరి. "మా యత్తగారి బావి యొరకును ఇట్లే గాడులుండెడివిరా. ఏ గాడి యెవరిదో మాకు దెలిసెడిది. ఒకరి గాడిలో నొకరు త్రాడు వేసిన జగడమే" అనిరి. నాలుగువేల యేండ్ల క్రిందట నీరు చేదిన యా స్త్రీలను పండితులకంటె ఆమెయే బాగుగ నెఱిగినట్లుండెను. పురాతత్త్వశాస్త్రమును గూర్చి మేము పిల్లలకు చెప్పదలచినదంతయు ఆ యొక్క మాటతో ననవసర మైపోయినది.

అంతలో నొక యాత్రికుల గుంపు వచ్చెను. వారిలో నొక పెద్దమనిషి చేయి చాచి, "చూచితిరా మన పూర్వుల ప్రజ్ఞ! లోకమంతయు నడవులలో దిరుగుచున్న కాలమున మనవారు పట్టణములు గట్టిరి" అని యుపన్యసించెను. ఇది సత్యము గాదు. ఆ కాలముననే ఈజిప్టులోను మెసొపొటేమియాలోను గొప్ప పట్టణములుండెను. సింధునాగరికతా వర్తకుల పూసలు మెసొపొటేమియా దేశమున దొఱకినవి. ఆ రోజులలో రణ్ పడవలు సాగు లోతులేని సముద్రపు పాయగ నుండెనని పెక్కురు పండితులు తలంచుచున్నారు. అనగా ఆ జనులు నలుగురిలో గలసి వ్యాపారము చేసి బ్రతికినవారు. ఒంటరి మేధావులు గారు. ఉపన్యాసము ముగించి ఆ పెద్దమనిషి తాను త్రాగిన నీళ్ల సీసాను చెఱువులోనికి విసరెను. మా అమ్మాయి మావైపు చూచెను. తన పలకను గూర్చిన యూహ నిజమని ఋజువైనట్లుగ నుండెను ఆ చూపు.

చిన్నవాడు మాత్రము గట్టి ప్రశ్న వేసెను. "ఇన్ని చెఱువులుండియు ఈ యూరెందుకు పాడైనది, నాన్నగారూ?" దీనికి పండితులు చెప్పు కారణ మొకటి గాదు. వానలు తగ్గెను, దూరదేశపు వ్యాపారము క్షీణించెను, నదుల దారులు మాఱెను. కడపటి దినములలో నచ్చట మిగిలినవారు పూర్వపు రాతియిండ్లను విడిచి గుండ్రని గుడిసెలలో నుండిరని త్రవ్వకములలో దెలిసినది. చెఱువులు త్రవ్విన యూరు చావదని మేమనజాలము. అయినను అట్టి ఉప్పునేల నడుమ 1500 ఏండ్లు నిలిచిన దనునది చిన్నమాట గాదు. మేమిట్లు సమాధానము చెప్పుచుండగా అమ్మగారు మెట్లపై గూలబడి, "మన కుంట యింత లోతు లేదు గాని, నేను కాపురమునకు వచ్చిన నాటినుండి ఊరంతటికిని నీళ్లిచ్చినది. ఎవరి చేతులు పడినవో, పూడ్చిరి" అనిరి. "ఎవరు పూడ్చిరి నాన్నగారూ?" అని అమ్మాయి యడిగెను. మేము ఫొటో తీయుటకని ప్రక్కకు బోయితిమి.

ఇచ్చట మా యూరి సంగతి చెప్పవలెను. మాది మెట్టసీమ. ఊరికి పడమట నొక కుంట యుండెడిది. పేరుగల చెఱువు గాదు. వాన కురిసినప్పుడు కొండవాలు నీరు చిన్న కాలువ గుండ వచ్చి దానిలో జేరెడిది. వేసవిలో పశువులు దిగెడివి. ఊరి బావులలో నీరు నిలుచుట దాని చలువయే యని పెద్దలు చెప్పెడివారు. బోర్లు వచ్చిన పిమ్మట ఆ మాట నెవ్వరును వినలేదు. తుంగ మొలచెను, దోమలు పెరిగెను, చుట్టుప్రక్కల యిండ్లవారు చెత్త పోయసాగిరి. 2009లో దానిని పూడ్చి యంగళ్లకు స్థలములు చేయవలెనను తీర్మానము పంచాయతీ యెదుటకు వచ్చెను. అప్పుడు వార్డు సభ్యులమై యుండిన మేము సంతకము చేసితిమి. మాకెవ్వరును లంచ మీయలేదు, బలవంతపెట్టలేదు. దోమలు పోవునని, ఊరు బాగుపడునని నిజముగ నమ్మితిమి. ఎంత నీరు పట్టునని గాని, ఆ నీరు ఎచ్చటికి బోవునని గాని ఆ సభలో నొక్కరును అడుగలేదు. మేము అడుగలేదు. ఈ పాఠశాలలో ఘనపరిమాణపు లెక్కలలో మంచి మార్కులు దెచ్చుకొన్నవారమే మేము.

పిదప గొన్నియేండ్లకు మా పెరటిబావి యెండెను. బోరు వేయించితిమి. అది తగ్గగా మఱింత లోతునకు దింపించితిమి. ఇప్పుడు వేసవిలో ట్యాంకరు నీరు కొనుచున్నాము. కుంట పూడ్చుటయే దీనికంతకును గారణమని మేమనము; వానలును సరిగ లేవు, బోర్లును లెక్కకు మించినవి. కాని ఆ సంతకము మాదే. ఈ సంగతి మా యింటివారికి దెలియును; అమ్మగారికిని పిల్లలకును తెలియదు.

ధోలావీరానుండి తిరిగి భుజ్ పట్టణమునకు వచ్చి రెండు దినములుంటిమి. ఊరి నడుమ హమీర్‌సర్ అను చెఱువు గలదు; పదునాఱవ శతాబ్దము నాటిది. ఇది నిండి పొరలిన దినమున ఊరంతటికిని సెలవు. బడులును కచేరీలును మూయుదురు, నగరపాలకులు చెఱువుకు బూజ చేయుదురు, లడ్డూలు పంచుదురు. ఇది విని మా చిన్నవాడు, మన యూరను ఇట్టి యాచారము పెట్టింపుడని పట్టుబట్టెను. సెలవు మీది ప్రేమయే గాని చెఱువు మీదిది గాదని వాని యక్క యనెను. ఏ ప్రేమయైన నేమి? చెఱువు నిండుట పిల్లలకు పండుగ యైన యూర, దానిని పూడ్చు తీర్మానము తెచ్చు ధైర్య మెవ్వరికుండును?

అదే యూర భుజియా కొండమీద స్మృతివనము గలదు. 2001 జనవరి 26న వచ్చిన భూకంపమున కచ్ఛమున మరణించినవారి జ్ఞాపకార్థము కట్టి 2022లో దెఱచిరి. కొండవాలున వాననీరు నిలుచుటకై 50 చిన్న యానకట్టలు గట్టి, మృతులైన 12,900 మందికి బైగ పేరులను అచ్చటనే పలకలపై వ్రాసి పెట్టిరి. స్మారకమనిన పాలరాతి స్తంభమని యెఱిగిన మాకు ఇది క్రొత్త. ఆ పేరులలో ఒకే యింటిపేరుగలవి వరుసగ నాలుగైదు గనబడినచోట అమ్మగారు నిలిచిపోయిరి. మేము మాటలాడలేదు.

కడపట మాండవి. భుజ్‌కు దక్షిణమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున సముద్రతీరమున నున్నది. యాత్రలో నెక్కువ సంతోషము గలిగిన చోటిదియే గాని, వ్రాయవలసినది తక్కువ. పిల్లలు తడిసిరి, మా యింటివారు తడిసిరి, అమ్మగారు మోకాళ్లవఱకు నీటిలో నిలిచి, ఉప్పునీరు నొప్పులకు మంచిదని మమ్ము నందఱిని బిలిచిరి. మధ్యాహ్నము సజ్జరొట్టెలు, వెల్లుల్లి కారము, మజ్జిగ. "ఇది మన తిండియే గదరా, ఇంత దూరమెందుకు వచ్చితిమి?" అనిరామె. రుక్మావతీ నది సముద్రమున గలియుచోట, నాలుగు శతాబ్దములుగ చెక్క ఓడలు గట్టుచున్నారు. ఒక మేడంత ఎత్తున నిలిచిన యొక యోడ క్రింద వడ్రంగులు చెక్కల సందులలో దూది కూరుచుండిరి. మనవద్ద వ్రాతపని లేని పని పనియే గాదనుకొనువారు ఒకమాఱు చూడదగినది.

ఆ సాయంకాలము ఇసుకలో గూర్చుండియుండగా అమ్మాయి మరల నడిగెను. ఈమాఱు ఫొటో తీయుటకేమియు లేదు. మేమే సంతకము చేసితిమని చెప్పితిమి. చిన్నవానికి సంగతి సరిగ బోధపడలేదు. అమ్మాయి చాలసేపు మాటలాడక, "మీరు లెక్క వేయలేదా?" అని మాత్ర మడిగెను. అమ్మగారు సముద్రమువైపే చూచుచు, "నాకు నాడే తెలియును. మీ నాన్న యున్నయెడల వ్రేలు విఱిచియుండెడివారు" అనిరి. పదునైదేండ్లకు బైగ ఆమె ఒక్కమాటయు ననకుండెను. మాకు దల యెత్తుట కష్టమైనది. అయినను ఆ రాత్రి నిద్ర బాగుగ బట్టినదని చెప్పుటకు సంకోచింపము.

చెఱువులను గూర్చి నేర్చుకొనుటకు కచ్ఛము వఱకు బోనేల యని యెవరైన నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు నొద్ద 1369వ సంవత్సరపు శాసనము గలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువు గట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, రాతిపనికి నూఱు బండ్లును పనిచేసినట్లును, మంచి చెఱువునకు గావలసిన పండ్రెండంగము లేవియో, రాగూడని యాఱు దోషము లేవియో కూడ అందు జెప్పబడినవి. మేము ఆ దారిని బస్సులో ఎన్నియో మాఱులు పోయితిమి; దిగి చూడలేదు. సొంత యూరి కుంటను ముప్పదియేండ్లు చూచియు చూడనివారము, ఉప్పుటెడారిలో నెండిన చెఱువును జూచి సిగ్గుపడితిమి. అందఱికిని ఇట్లే యగునని మేమనము. కాని పిల్లలను దీసికొనిపోయినప్పుడు, అమ్మమ్మలను నాయనమ్మలను గూడ దీసికొనిపొండని మాత్రము గట్టిగ జెప్పుదుము. పిల్లలు ప్రశ్నలడుగుదురు, వృద్ధులు త్రాటి గాడులను గుర్తుపట్టుదురు. నడుమ నున్న మనకు దప్పించుకొను దారి యుండదు.

పాఠశాలవారికి ఒక విన్నపము. వచ్చు వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు దన యూరి చెఱువునో, కుంటనో, పాడుపడిన దిగుడుబావినో కొలిచి, పొడవు, వెడల్పు, లోతు, నీరు వచ్చు దారి, నీరు పోవు దారి, కడపటిమాఱు ఎప్పుడు నిండినదని పెద్దలు చెప్పిరో, ఇవి వ్రాసికొని రావలెనని యాజ్ఞాపింపవలెను. వచ్చు సంవత్సరపు పత్రికలో వానిలో మంచివి ప్రకటింపవచ్చును. అది లెక్కల పాఠమే గావున తల్లిదండ్రు లాక్షేపింపరు.

మా అమ్మాయి తన పని యప్పుడే ముగించినది. మా కుంటలో సగము మీద అంగళ్లు లేచినవి; వానిని గదలించు శక్తి మాకు లేదు. మిగిలిన సగము సర్కారు తుమ్మతో నిండియున్నది. కొండవాలు కాలువ రెండుచోట్ల మాత్రమే పూడినదని ఆమె తమ్మునితో గూడ నడచి చూచి వచ్చి చెప్పెను. మిగిలిన భాగమును త్రవ్వించి కాలువను దెఱపింపవలెనని పంచాయతీకి అర్జీ వ్రాసితిమి. మొదటి సంతకము మాది. రెండవది అమ్మగారి వ్రేలిముద్ర. తక్కినవారు ఉగాది పోనిండు, చూతమనిరి.